టర్బో కారుకి ఏ ఆయిల్? డబ్బా వెనక చదవండి



ఈసారి వంట గురించి కాదు, పండగ గురించి కాదు. కారు ఇంజన్‌లో పోసే ఆయిల్ గురించి రాస్తున్నాను, ముఖ్యంగా టర్బో ఉన్న పెట్రోల్ కార్ల గురించి. మా గుడి పార్కింగ్‌లో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఈ విషయం మీద సలహా ఇస్తూ ఉంటారు. ఆ సలహాల్లో సగం ముప్పై ఏళ్ళ కిందటివి. అప్పటి కార్లకి అవి సరిపోయేవి. ఇప్పటి కార్లకి సరిపోవు. కారు పాడైతే డబ్బు కట్టేది సలహా విన్నవాళ్ళే, ఇచ్చినవాళ్ళు కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టర్బో కారుకి ఆయిల్ కొనేటప్పుడు కంపెనీ పేరు చూడకండి. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న ‘ఫుల్ సింథటిక్’ అనే మాట చూసి సంతోషపడిపోకండి. ఓనర్స్ మాన్యువల్‌లో ఒక కోడ్ ఉంటుంది. అదే కోడ్ డబ్బా వెనక ఉందా లేదా చూడండి. ఉంటే చవకదైనా కొనండి. లేకపోతే ఎంత ఖరీదైనదైనా వద్దు. మిగిలిన డబ్బుతో ఆయిల్ ఇంకొంచెం తొందరగా మార్పించండి.

‘ఈవిడకేం తెలుసు, ప్రసాదం పొట్లాలు కట్టే ఆవిడ కదా’ అనుకునేవాళ్ళ కోసం రెండు మాటలు. మాది ఖరగ్‌పూర్. అక్కడి రైల్వే తెలుగువాళ్ళం. నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో పని చేసేవారు. ఇంటికి వచ్చేసరికి ఆయన చేతులకి గ్రీజు వాసన ఉండేది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, స్కూల్లో కాన్వెంట్ ఇంగ్లీషు. అందుకే అక్షరాలు అరవై దాటాక నేర్చుకుంటున్నాను. ఇక్కడ మిషిగన్‌లో ఒక కార్ల విడిభాగాల కంపెనీలో ఇరవై రెండేళ్ళు టెక్నికల్ రైటర్‌గా పని చేశాను. అంటే, ఎవరూ చదవని పుస్తకాలు రాసి బతికాను. మాన్యువల్‌లో ఒక్క అంకె మార్చాలంటే ఎంతమంది ఇంజనీర్లు సంతకం పెట్టాలో నాకు తెలుసు. అందుకే ‘మాన్యువల్‌లో ఏదో రాస్తారులెండి’ అని ఎవరైనా అంటే నాకు కొంచెం కోపం వస్తుంది.

ఇంకో సంగతి. నేను ఇక్కడ ‘ఆయిల్’ అనే రాస్తాను. నూనె అంటే వంటింట్లోది. ఇంజన్‌లో పోసేదాన్ని తెలుగు మెకానిక్‌లు కూడా ఆయిల్ అనే అంటారు. కానీ టర్బో గురించి చెప్పడానికి వంటింటి నూనె చాలా పనికొస్తుంది, అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

బజ్జీలు వేసిన మూకుడు ఎప్పుడైనా కడగకుండా మళ్ళీ మళ్ళీ వాడారా? నూనె ముందు ముదురు రంగుకి వస్తుంది. తర్వాత చిక్కబడుతుంది. మూకుడు అంచున నల్లగా, బంకగా ఒక పొర పడుతుంది. అది సబ్బుకి పోదు, గీకాలి. టర్బోలో జరిగేది సరిగ్గా ఇదే. టర్బో అంటే ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం. ఆ చక్రం ఇరుసు రెండో కొసకి ఇంకో చక్రం ఉంటుంది, అది గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపుతుంది. చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్‌లా లాగేది అందుకే. పెట్రోల్ ఇంజన్‌లో ఆ పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. ఇరుసు నిమిషానికి లక్ష సార్లకి పైగా తిరుగుతుంది, చిన్న టర్బోలైతే రెండు లక్షలు కూడా. చాలా కార్లలో ఆ ఇరుసుకి బాల్ బేరింగులు కూడా ఉండవు. వెంట్రుక కన్నా సన్నని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర ఒక్క క్షణం తెగితే లోహానికి లోహం తగులుతుంది.

హైవే మీద వేగంగా వచ్చి టక్కున ఇంజన్ ఆపేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది. టర్బో వేడి మాత్రం వెంటనే తగ్గదు. అక్కడ ఆగిపోయిన ఆయిల్ మూకుడు అంచున నూనెలాగే మాడుతుంది. ఇప్పటి టర్బోలకి చుట్టూ నీళ్ళు తిరిగే ఏర్పాటు ఉంది కాబట్టి పాత కార్లంత భయం లేదు. అయినా ఆయిల్ నాసిరకం అయితే, లేదా వాడి వాడి పాతబడితే, టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నని గొట్టంలో బొగ్గు పేరుకుంటుంది. గొట్టం మూసుకుంటే ఇరుసు ఎండిపోతుంది. అందుకే ఈ కార్లకి సింథటిక్ కావాలి అంటాను. సింథటిక్ వేడికి తొందరగా మాడదు, మంచుకి తొందరగా గడ్డకట్టదు.

మరి సింథటిక్ అంటే ఏమిటి? ఇక్కడే ఒక తమాషా ఉంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, మూల ఆయిళ్ళని 5 గ్రూపులు చేసింది. మొదటి మూడు ముడిచమురు నుంచి శుద్ధి చేసి తీసేవి. అందులో మూడోది చాలా గట్టిగా శుద్ధి చేసింది. నాలుగోది పీఏఓ, అంటే చిన్న అణువుల్ని కలిపి ఫ్యాక్టరీలో కట్టినది. ఐదోది మిగతావన్నీ. ఒకప్పుడు సింథటిక్ అంటే నాలుగు, ఐదు గ్రూపులే అని అందరూ అనుకునేవారు. 1990ల్లో క్యాస్ట్రాల్ మూడో గ్రూపు ఆయిల్‌ని సింథటిక్ అని అమ్మింది. మోబిల్ ఫిర్యాదు చేసింది. ప్రకటనల తగాదాలు తీర్చే ఎన్‌ఏడీ అనే సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపు చెప్పింది. అప్పటి నుంచి అమెరికాలో సింథటిక్ అనేది ఎక్కువగా అమ్మకం మాట. ఈ రోజు షాపులో ఉన్న ‘ఫుల్ సింథటిక్’ డబ్బాల్లో చాలా భాగం మూడో గ్రూపే.

ఇది మోసం అని నేను అనడం లేదు. మంచి మూడో గ్రూపు ఆయిల్ చాలా బాగా పని చేస్తుంది. కానీ ఆ ఒక్క మాట మీకు ఏమీ హామీ ఇవ్వదు అని అంటున్నాను. హామీ ఇచ్చేది పరీక్షలు. పరీక్షల ఫలితం ఉండేది డబ్బా వెనక.

డబ్బా వెనక గుండ్రంగా ఒక గుర్తు ఉంటుంది. అమెరికాలో దాన్ని డోనట్ అంటారు. మనకి గారె. గారె పై భాగంలో ‘ఏపీఐ సర్వీస్ ఎస్‌పీ’ అనో ‘ఎస్‌క్యూ’ అనో ఉంటుంది. మధ్యలో చిల్లు ఉండాల్సిన చోట 5డబ్ల్యూ-30 లాంటి అంకెలు ఉంటాయి. ఈ రెండూ చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు అంకెలు. ‘డబ్ల్యూ’ అంటే వింటర్, చలికాలం. చాలామంది వెయిట్ అనుకుంటారు. డబ్ల్యూ ముందు అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 5 అయితే సున్నాకి కింద 30 డిగ్రీల దగ్గర పరీక్ష చేస్తారు. 0 అయితే సున్నాకి కింద 35 దగ్గర. మా మిషిగన్‌లో జనవరిలో తెల్లవారుజామున అభిషేకానికి వెళ్ళేవాళ్ళకి ఇది పుస్తకాల విషయం కాదు. రెండో అంకె ఇంజన్ వేడెక్కాక చిక్కదనం. 20 అంటే పలచన, 30 మధ్యస్థం, 40 చిక్కన.

ఇక్కడ మన వాళ్ళకి ఒక నమ్మకం ఉంది. చిక్కని ఆయిల్ అంటే బలమైన ఆయిల్ అని. మన దేశంలో స్కూటర్లకీ, పాత కార్లకీ 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 పోసిన రోజుల నుంచి వచ్చింది అది. మా చెల్లెలి కొడుకు విశాఖపట్నంలో 1.0 లీటర్ టర్బో పెట్రోల్ కారు కొన్నాడు. పోయిన వేసవిలో ఫోన్ చేశాడు.

“పెద్దమ్మా, ఈ ఎండలకి 20డబ్ల్యూ-50 పోయిస్తే మంచిదంటున్నారు మెకానిక్‌గారు. పోయించనా?”

“మాన్యువల్‌లో ఏముందిరా?”

“మాన్యువలా? అది ప్లాస్టిక్ కవర్లోనే ఉంది, ఇంకా తియ్యలేదు.”

తీసి చదవమన్నాను. అందులో 50 ఊసే లేదు. బయట ఎండ 42 డిగ్రీలు ఉన్నా ఇంజన్ లోపల ఆయిల్ ఎలాగూ వంద డిగ్రీల దగ్గరే ఉంటుంది. కూలెంటూ, ఫ్యానూ ఉన్నది అందుకే. బయట వేడి పెరిగిందని లోపల ఆయిల్ చిక్కదనం అంత మార్చక్కర్లేదు. చిక్కని ఆయిల్ స్టార్ట్ చేసినప్పుడు టర్బో దాకా చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఇప్పటి ఇంజన్లలో వాల్వుల టైమింగ్ మార్చే భాగాలు కూడా సన్నని దారుల్లో వచ్చే ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తాయి. ఆ దారుల కొలతకి తగ్గ ఆయిల్ కావాలి. వాడికి ఇంకో మాట కూడా చెప్పాను. మన దేశంలో నకిలీ ఆయిల్ బాధ ఉంది కాబట్టి తెలిసిన డీలర్ దగ్గరే కొనమని, ఖాళీ డబ్బాకి కన్నం పొడిచి పారేయమని. లేకపోతే అదే డబ్బా మళ్ళీ నిండి అమ్మకానికి వస్తుంది.

అయితే పలచన ఎప్పుడూ మంచిది అని కూడా కాదు. 150 డిగ్రీల వేడిలో, బాగా నలిగేటప్పుడు ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో కొలిచే పరీక్ష ఒకటి ఉంది. హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. అమెరికన్ ఎస్‌ఏఈ లెక్క ప్రకారం 20 ఆయిల్‌కి కనీసం 2.6 ఉండాలి, 30 ఆయిల్‌కి 2.9. చాలా యూరప్ కోడ్‌లు 30 ఆయిల్‌కి కూడా 3.5 అడుగుతాయి. అంటే రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది, కానీ రెండూ ఒకటి కాదు. ఒకటి మామూలు అమెరికన్, జపాన్ కార్లకి సరిపోతుంది. రెండోది ఫోక్స్‌వాగన్ 504 00, మెర్సిడెస్ 229.5, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01 లాంటి కోడ్‌లు అడిగే కార్లకి. మళ్ళీ కొత్త ఫోక్స్‌వాగన్‌లు కొన్నింటికి 508 00 అని ఉంటుంది. అది 0డబ్ల్యూ-20, పలచన. పక్కింటి ఫోక్స్‌వాగన్‌కి పోసింది కదా అని మీ ఫోక్స్‌వాగన్‌కి పోయకూడదు. ఒకే కంపెనీ, ఒకే వీధి, వేరే ఆయిల్.

‘మీట్స్’ అనే మాటతో కూడా కొంచెం జాగ్రత్త. ‘అప్రూవ్డ్’ అని ఉంటే కారు కంపెనీ ఆ ఆయిల్‌ని ఒప్పుకుందని అర్థం. ‘మీట్స్’, ‘రికమెండెడ్ ఫర్’ అని ఉంటే ఆయిల్ అమ్మేవాళ్ళు తమంతట తాము అంటున్నారని. ఇంగ్లీషులో జీవితమంతా రాసినదాన్ని, ఈ రెండు మాటల మధ్య ఎన్ని లాయర్ల గంటలు ఉంటాయో నాకు తెలుసు. జర్మన్ టర్బో కారు అయితే నేను అప్రూవ్డ్ ఉన్నదే కొంటాను.

ఇప్పుడు గారె పైన ఉన్న అక్షరాలు. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది, కానీ పార్కింగ్‌లో ఎవరూ మాట్లాడని విషయం కూడా ఇదే.

చిన్న టర్బో ఇంజన్లు, పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేవి, మార్కెట్‌లోకి ఎక్కువగా వచ్చాక ఇంజనీర్లకి ఒక కొత్త తలనొప్పి పట్టుకుంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ, బరువు ఎక్కువగా లాగుతున్నప్పుడు, అంటే 2,000 చుట్టుపక్కల ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, స్పార్క్ రాకముందే లోపల మంట అంటుకుంటోంది. దీన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. సుత్తితో కొట్టినట్టు దెబ్బ. పిస్టన్ పగిలిపోవచ్చు. కారణాల్లో ఆయిల్ కూడా ఒకటని తేలింది. ఆయిల్‌ని శుభ్రంగా ఉంచడానికి కలిపే కాల్షియం మందు ఎక్కువైతే ఈ దెబ్బలు పెరుగుతున్నాయి. దాని బదులు కొంత మెగ్నీషియం వాడితే తగ్గుతున్నాయి. మంచి చేయడానికి వేసిన మందే చెడు చేసింది, చూడండి.

అందుకని 2018 మేలో ఏపీఐ ‘ఎస్‌ఎన్ ప్లస్’ అని ఒక కొత్త స్థాయి తెచ్చింది. 2020 మేలో ‘ఎస్‌పీ’ వచ్చింది. ఎస్‌పీలో ఈ దెబ్బల పరీక్షతో పాటు టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా ఉంది. ఈ రెండు పరీక్షలకీ వాడేది ఫోర్డ్ 2.0 లీటర్ ఎకోబూస్ట్ టర్బో ఇంజన్లే. 2025 మార్చి 31 నుంచి ‘ఎస్‌క్యూ’ మొదలైంది. దానితో పాటు వచ్చిన జీఎఫ్-7 ప్రమాణంలో కొత్త ఆయిల్‌నే కాదు, కొంతకాలం నలిగిన ఆయిల్‌ని కూడా ఈ దెబ్బలకి పరీక్షిస్తారు. జనరల్ మోటార్స్ వాళ్ళకి డెక్సోస్1 అని సొంత కోడ్ ఉంది. ఫోర్డ్ వాళ్ళ కోడ్ డబ్ల్యూఎస్‌ఎస్ అని మొదలవుతుంది. కొత్త ఏపీఐ అక్షరం పాతదాని బదులు పనికొస్తుంది. మాన్యువల్ ఎస్‌ఎన్ ప్లస్ అడిగితే ఎస్‌పీ పోయవచ్చు. తిరగేసి మాత్రం కుదరదు.

దీనివల్ల మనలాంటివాళ్ళకి ఏమిటి? మనం దాచుకునే జాతి. సేల్‌లో ఆరు డబ్బాలు కొని గ్యారేజ్‌లో పెడతాం. మా గుడి స్టోర్ రూమ్‌లో కూడా ఎవరో ఇచ్చిన ఒక కేస్ ఉంది, ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-30, సీల్ కూడా తీయలేదు. పెద్ద పేరున్న కంపెనీదే. గారె మీద చూస్తే ‘ఎస్‌ఎన్’, ప్లస్ లేదు. అంటే 2018 ముందు రకం. నాలాంటి వాళ్ళ పాత కామ్రీకి అది బంగారం. కొత్త టర్బో కారుకి పోయకూడదు. దాని మీద మార్కర్‌తో ‘టర్బోకి కాదు’ అని తెలుగులో రాసి పెట్టాను. చదవగలిగినవాళ్ళు చదివారు. చదవలేని పిల్లలు వచ్చి అడిగారు, అదీ మంచిదే.

చవక దుకాణాల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో ఇంకా ఘోరమైనవి దొరుకుతాయి. ఏపీఐ ఎస్‌ఏ అని ఉన్న డబ్బాలు. 1930 తర్వాత తయారైన చాలా పెట్రోల్ ఇంజన్లకి అవి పనికిరావని ఏపీఐ వాళ్ళే చెబుతారు. అయినా అమ్ముతారు, వెనక చిన్న అక్షరాల్లో ఆ మాట కూడా రాసి మరీ.

ఒక కథ చెప్పాలి. పేర్లు వద్దు. మా గుడిలో నన్ను అక్కా అని పిలిచే ఒకతను ఉన్నాడు. ఇద్దరు పిల్లలు, ఒక జీతం. టర్బో ఎస్‌యూవీ కొత్తది కొన్నాడు. ఆయిల్ మార్పులు ఒక తొందర సర్వీస్ షాపులో చేయించేవాడు, కారు దిగక్కర్లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. 48 వేల మైళ్ళ దగ్గర కారు ఈల వేయడం మొదలుపెట్టింది, వెనక నీలం పొగ. టర్బో పోయింది. ఆయిల్ వచ్చే గొట్టంలో బొగ్గు. వారంటీ 60 వేల మైళ్ళ దాకా ఉంది. కానీ డీలర్ ఆయిల్ రసీదులు అడిగారు. రసీదుల మీద ‘బల్క్ 5డబ్ల్యూ-30’ అని ఉంది, అంతే. ఏ స్థాయి, ఏ కోడ్, ఏమీ లేదు. రెండు రసీదుల మధ్య 13 వేల మైళ్ళ దూరం కూడా ఉంది. వారంటీ ఇవ్వం అన్నారు. మూడు వేల డాలర్లకి పైగా అయింది. ఆ ఏడాది వాళ్ళు ఇండియా వెళ్ళలేదు. వాళ్ళ అమ్మగారికి ఎనభై ఏళ్ళు నిండిన ఏడాది అది.

అతను మంచి ఆయిల్ పోయించలేదని నేను చెప్పలేను. పోసి ఉండొచ్చు. కానీ పోశారని చూపించే కాగితం లేదు. అమెరికాలో 1975 నుంచి మాగ్నసన్-మాస్ అని ఒక చట్టం ఉంది. మా డీలర్ దగ్గరే మార్పించాలి, మా బ్రాండే వాడాలి అని కంపెనీ మిమ్మల్ని బలవంతం చేయలేదు, ఆ బ్రాండు ఊరికే ఇస్తే తప్ప. మీరు ఇంట్లోనే మార్చుకోవచ్చు కూడా. కానీ సరైన కోడ్ ఉన్న ఆయిల్ సరైన సమయానికి మార్చారని మీ దగ్గర ఆధారం ఉండాలి. కాబట్టి షాపులో రసీదు మీద ‘ఏపీఐ ఎస్‌పీ’ అని రాయమని అడగండి. మొహమాటపడకండి. ఇంట్లో మార్చుకుంటే డబ్బా వెనక ఫోటో, కారు మైళ్ళ ఫోటో, కొన్న రసీదు, మూడూ ఫోన్‌లో పెట్టుకోండి.

ఇక ఎన్ని మైళ్ళకి మార్చాలి? దీని మీద నాతో గొడవపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. “వదినగారూ, డబ్బా మీద 10 వేల మైళ్ళు అని ఉంది, కారు స్క్రీన్ ఇంకా 40 శాతం ఉందంటోంది, మీరెందుకు 5 వేలకే మార్చమంటారు?” అని ఒక అన్నయ్యగారు నన్ను ప్రసాదం లైన్‌లోనే నిలదీశారు.

స్క్రీన్ ఆయిల్‌ని రుచి చూడదండీ. చాలా కార్లలో అది ఒక లెక్క మాత్రమే. ఎన్నిసార్లు స్టార్ట్ చేశారు, ఎంత వేడెక్కింది, ఎంత దూరం నడిచింది అని లెక్క వేసి ఒక అంకె చూపిస్తుంది. మంచి లెక్కే. కానీ లోపల ఏ ఆయిల్ పోశారో దానికి తెలియదు.

అసలు సమస్య మన తిరుగుడు. ఈ వయసులో మా స్నేహితురాళ్ళలో చాలామంది ఇంటి నుంచి గుడికి రెండు మైళ్ళు, గుడి నుంచి ఇండియన్ స్టోర్‌కి ఒక మైలు, మళ్ళీ ఇంటికి. ‘నేను కారు అసలు నడపనే నడపను, ఏడాదికి 4 వేల మైళ్ళు, ఆయిల్ ఎందుకు పాడవుతుంది’ అంటారు. అలా నడిపితేనే ఎక్కువ పాడవుతుంది. చలికాలంలో రెండు మైళ్ళకి ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోల్ నేరుగా చిమ్మే ఇంజన్లలో కాలని పెట్రోల్ కొంచెం సిలిండర్ గోడల వెంబడి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది ఆవిరైపోతుంది. వేడెక్కకపోతే అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ పలచబడుతుంది. మీరు పోసింది 30, లోపల ఉన్నది 20 లాంటిది అవుతుంది.

హోండా 1.5 లీటర్ టర్బో ఇంజన్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 ప్రాంతంలో చలి ప్రాంతాల్లో సీఆర్-వీ, సివిక్ కార్లలో ఆయిల్‌లో పెట్రోల్ కలిసి ఆయిల్ మట్టం పైకి పెరుగుతోందని గోల అయింది. హోండా సాఫ్ట్‌వేర్ మార్చింది, అమెరికాలో చలి రాష్ట్రాల్లో కొన్ని మోడళ్ళకి ఇంజన్ వారంటీ పొడిగించింది. ఆయిల్ తగ్గితేనే ప్రమాదం అని మనం అనుకుంటాం. పెరిగినా ప్రమాదమే. డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు మట్టం పై గీత దాటి ఉండి, పెట్రోల్ వాసన వస్తుంటే, మైళ్ళు చూడకండి. వెంటనే మార్పించండి.

మాన్యువల్‌లో ఎప్పుడు మార్చాలో రెండు రకాలుగా చెబుతారు, ఒకటి మామూలు వాడకానికి, ఒకటి ‘సివియర్’ వాడకానికి. సివియర్ అంటే ఎడారిలో ట్రైలర్ లాగేవాళ్ళకి అనుకుంటారు అందరూ. చాలా మాన్యువల్స్‌లో ఆ పట్టికలో మొదటి వరసల్లోనే ఉంటుంది, చిన్న చిన్న దూరాలు, గడ్డకట్టే చలి అని. అంటే గుడికి రెండు మైళ్ళు నడిపే సుబ్బమ్మత్తయ్యగారిదే సివియర్ డ్రైవింగ్. (పేరు కల్పితం. అత్తయ్యగారు నిజం.) అందుకే టర్బో కారు, చలి ఊరు, చిన్న దూరాలు, ఈ మూడూ కలిస్తే 5 వేల మైళ్ళు లేదా 6 నెలలు, ఏది ముందు వస్తే అది అంటాను నేను. మాన్యువల్ ఇంకా తక్కువ చెబితే మాన్యువల్ మాటే వినండి. వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట నడపండి. కొడుకుని చూడటానికి వెళ్ళడానికి ఇదొక సాకు కూడా.

‘ఇంత తరచుగా మారిస్తే ఖర్చు కదా’ అంటే, నేను బ్రాండు వదలమని చెప్పింది అందుకే. మెంబర్‌షిప్ తీసుకునే పెద్ద గోడౌన్ షాపుల సొంత బ్రాండు సింథటిక్ మీద కూడా అదే గారె, అదే ఎస్‌పీ ఉంటుంది. అదే పరీక్షలు పాసై వచ్చింది. రంగురంగుల రేసు కారు బొమ్మ ఉన్న డబ్బాకి దాదాపు రెట్టింపు పెట్టి, దాన్ని 10 వేల మైళ్ళు లాగడం కన్నా, ఈ చవకదాన్ని రెండుసార్లు మార్చడం మీ టర్బోకి మేలు. పైన కలిపే చిన్న చిన్న సీసాల మందులు మాత్రం అసలు వద్దు. ఆయిల్‌లో కాల్షియం, మెగ్నీషియం లెక్క ఎంత సున్నితమో ఇందాకే చెప్పాను. పులుసులో ఉప్పు సరిపోయాక ఇంకెవరో వచ్చి మళ్ళీ వేసినట్టు ఉంటుంది.

ఫిల్టర్ గురించి ఎక్కువ చెప్పను. ఆయిల్‌తో పాటు మార్చండి, మీ ఇంజన్‌కి చెప్పిన నంబరుదే వాడండి.

నెలకి ఒకసారి డిప్‌స్టిక్ చూడటం మాత్రం అలవాటు చేసుకోండి. టర్బో ఇంజన్లు కొంచెం ఆయిల్ తాగుతాయి. సమతలంగా ఉన్న చోట, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి, తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడాలి. కొన్ని జర్మన్ కార్లలో డిప్‌స్టిక్ ఉండదు, స్క్రీన్‌లో మెనూ వెతకాలి. మా మనవరాలికి పదహారేళ్ళు. కిందటి నెల లైసెన్స్ వచ్చింది. దానికి వాళ్ళ నాన్న పాత టర్బో సెడాన్ ఇస్తున్నారు. నేను బహుమతిగా ఆయిల్ అయిదు క్వార్టుల డబ్బా ఒకటి, గుడ్డ ముక్క ఒకటి ఇచ్చాను. అది మొహం అదోలా పెట్టింది. తర్వాత హుడ్ తెరిచి, డిప్‌స్టిక్ బయటికి తీసి, “అమ్మమ్మా, ఇక్కడ రెండు గీతలున్నాయి, ఏది కరెక్ట్?” అని అడిగింది. రెండిటి మధ్య అని చెప్పాను. అడిగింది తెలుగులోనే.

మార్చిన పాత ఆయిల్ డ్రైనేజీలో పోయకండి, చెత్తలో వేయకండి. ఆ కొత్త ఆయిల్ డబ్బాలోనే పట్టి, విడిభాగాల షాపుకి తీసుకెళ్తే చాలా చోట్ల ఊరికే తీసుకుంటారు. మూత గట్టిగా బిగించండి. నేను ఎప్పుడూ కింద ఒక పాత దినపత్రిక వేసి డిక్కీలో పెడతాను.